పెద్దల సభలో నోటిమాట, చట్టంలో రాతమాట

కొంచెం పెద్ద పోస్టు ఇది. తీరిక చేసుకుని చదవండి. నచ్చకపోతే తిట్టండి, కానీ చదవకుండా బొటనవేలు గుర్తు మాత్రం పెట్టొద్దండప్పా.

ఏటా ఫిబ్రవరిలో మన గ్రూపులో రెండు రకాల పోస్టులు వస్తాయి. 15వ తేదీ దాకా గుత్తి దగ్గర సేవాగఢ్ ఫోటోలు. అవి అయిపోగానే 20వ తేదీకి ప్రత్యేక హోదా వీడియోలు. మన్మోహన్ సింగ్ రాజ్యసభలో నిలబడి చదువుతుంటారు, చుట్టూ అరుపులు. కింద ఒకరు "మోసం" అని రాస్తారు, ఇంకొకరు ఇంకో పార్టీని తిడతారు, మరుసటి రోజుకి అందరం మర్చిపోతాం. ఆ రోజు సభలో అసలు ఏం జరిగిందో, అందులో మన తండాలకు, ఎరుకల కాలనీలకు సంబంధించింది ఏముందో ఎవరూ మాట్లాడరు. నాకు మాత్రం గిరిజన విద్యార్థులు గట్టిగా చదవాల్సిన రోజుల్లో అది ఒకటి అనిపిస్తుంది.

"రాజ్యసభలో ఏం జరిగితే మనకేంటి" అనేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. మీ కుల ధ్రువపత్రం తీసి చూడండి. తహసీల్దారు సంతకం పెట్టిన ఆ కాగితానికి విలువ వచ్చింది రాజ్యాంగం 342వ అధికరణం వల్ల. ఎస్టీ జాబితాలో ఒక పేరు చేర్చాలన్నా తీసెయ్యాలన్నా కలెక్టరు వల్ల కాదు, ముఖ్యమంత్రి వల్ల కాదు, పార్లమెంటు చట్టం చెయ్యాలి, అంటే రెండు సభలూ ఒప్పుకోవాలి. 2024 ఫిబ్రవరిలో బోండో పొరజ, ఖోండ్ పొరజ, కొండ సవర పేర్లు మన రాష్ట్ర జాబితాలోకి వచ్చింది అట్లానే. మడకశిర దాటి పావగడలో అడుగుపెడితే అదే గోర్ బోలి, అవే పాటలు, అవే పెళ్ళి సంబంధాలు, కానీ అక్కడ లంబాణీలు ఎస్సీ. తెలంగాణలో లంబాడాలు ఎస్టీ అయ్యింది 1976 చట్టంతో. మనిషి మారలేదు, భాష మారలేదు. పార్లమెంటు రాసిన కాగితం మారింది.

ఇంత పని జరిగే చోట మనకు కుర్చీ ఉందా? లోక్‌సభకు 330వ అధికరణం, అసెంబ్లీలకు 332వ అధికరణం ఎస్టీ సీట్లు ఇచ్చాయి. రాజ్యసభకు అట్లాంటి ఏర్పాటు ఏదీ లేదు. పార్టీ పెద్దలు తలుచుకుంటే పంపుతారు, తలుచుకోకపోతే లేదు. పోనీ కింద ఉన్న చట్టసభల్లో చూద్దామంటే, ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ అసెంబ్లీ సీట్లు 7: పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. ఎంపీ సీటు ఒకటి, అరకు. రాయలసీమలో ఒక్కటి కూడా లేదు. అయిదో షెడ్యూలు కిందికి వచ్చే గ్రామం కూడా మన సీమలో లేదు. 2011 లెక్కల ప్రకారం పాత అనంతపురం జిల్లాలోనే మనం సుమారు లక్షన్నర మందిమి. ఊరూరా చెదిరి ఉన్నాం కాబట్టి ఏ నియోజకవర్గంలోనూ మన ఓటు తేల్చే ఓటు కాదు. అందుకే చెబుతున్నా, సభలో మనవాడు లేనప్పుడు సభ రాసిన కాగితమే మనకు దిక్కు. కాగితం చదవడం మనం నేర్చుకోవాల్సిందే.

ఇప్పుడు ఆ రోజుకి వద్దాం. 2014 ఫిబ్రవరి 20, గురువారం. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు 18న లోక్‌సభలో గట్టెక్కింది. అంతకు ముందు 13న లోక్‌సభలో మిరియాల స్ప్రే కొట్టిన సంగతి అందరికీ తెలిసిందే. రాజ్యసభలో హోంమంత్రి సుశీల్ కుమార్ షిండే బిల్లు పెట్టారు. డిప్యూటీ ఛైర్మన్ కురియన్ కుర్చీలో ఉన్నారు. వెల్‌లో ప్లకార్డులు, నినాదాలు, వాయిదాల మీద వాయిదాలు. కేంద్ర మంత్రిగా ఉండి చిరంజీవి గారు తన ప్రభుత్వం తెచ్చిన బిల్లు తీరునే తప్పుపట్టారు. మంత్రి అట్లా ఎలా మాట్లాడతారని బీజేపీ వాళ్ళు అడ్డుతగిలారు. ప్రధాని మాట్లాడేటప్పుడు కాంగ్రెస్ సభ్యులు చుట్టూ దడి కట్టినట్టు నిలబడ్డారు. వీడియోల్లో మనం చూసేది ఇదంతానే.

అసలు విషయం ఈ గోలలో లేదు. వెంకయ్య నాయుడు గారు, మరికొందరు సవరణలు అడిగారు. కొత్త ఆంధ్రప్రదేశ్‌కు లోటు పూడ్చాలి, హోదా ఇవ్వాలి, వెనకబడిన జిల్లాలకు ప్యాకేజీ ఇవ్వాలి అని. వాటిని చట్టంలో ఎక్కించొచ్చు కదా, ఎందుకు ఎక్కించలేదు? రాజ్యసభ ఒక్క అక్షరం మార్చినా బిల్లు మళ్ళీ లోక్‌సభకు పోవాలి, అక్కడ మళ్ళీ ఓటు పడాలి. సమావేశాలు మరుసటి రోజుతో, 21తో ముగుస్తున్నాయి. ఆ లోక్‌సభకు అవే చివరి సమావేశాలు. మళ్ళీ అక్కడికి పోతే ఏమవుతుందో ఎవరికీ ధైర్యం లేదు. కాబట్టి సవరణలు వీగిపోయాయి, బిల్లు మూజువాణి ఓటుతో ఉన్నది ఉన్నట్టు పాసైంది. రాయలేని దాన్ని ప్రధాని నోటితో చెప్పారు.

ఆయన చెప్పినవి 6 అంశాలు. మనకు సంబంధించినవి ముఖ్యంగా రెండు. ఒకటి, రాయలసీమ 4 జిల్లాలు, ఉత్తరాంధ్ర 3 జిల్లాలు కలుపుకుని 13 జిల్లాల ఆంధ్రప్రదేశ్‌కు కేంద్ర సాయం విషయంలో అయిదేళ్ళ ప్రత్యేక హోదా. అయిదు కాదు, పదేళ్ళు కావాలని వెంకయ్య గారు అన్నారు. రెండోది, రాయలసీమకు, ఉత్తరాంధ్రకు ఒడిశాలోని కోరాపుట్-బలంగీర్-కలహండి ప్రణాళిక, బుందేల్‌ఖండ్ ప్యాకేజీ తరహాలో ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజీ. హోదా గురించి పదేళ్ళు కొట్లాడుకున్నాం, ఈ రెండోదాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. అనంతపురం లాంటి కరువు నేలకు, వేరుశనగ ఎండిపోతే బెంగళూరుకు సుగ్గి పోయే తండాలకు దగ్గరగా ఉన్నది ఆ రెండో మాటే.

తర్వాత ఏమైందో క్లుప్తంగా చెప్తా. మే నెలలో ప్రభుత్వం మారింది. 2016 సెప్టెంబరులో హోదా బదులు ప్రత్యేక సాయం అన్నారు. మధ్యలో కేవీపీ రామచంద్రరావు గారు హోదా కోసం రాజ్యసభలో ప్రైవేటు బిల్లు పెడితే, 2016లో అది ద్రవ్య బిల్లు అవునా కాదా అనే తగువులో ఇరుక్కుంది. ద్రవ్య బిల్లు అయితే రాజ్యసభలో పెట్టడానికే లేదు మరి. ఇంకో తమాషా. రాష్ట్రం విడిపోయినప్పుడు ఉన్న 18 మంది రాజ్యసభ సభ్యులను లాటరీ తీసి 11 మందిని ఆంధ్రకు, 7 మందిని తెలంగాణకు పంచారు. కేవీపీ గారు తెలంగాణ వాటాకు పడ్డారు, తెలంగాణ నాయకుడు దేవేందర్ గౌడ్ గారు ఆంధ్ర వాటాకు. అంటే ఆంధ్రకు హోదా కావాలని బిల్లు పెట్టింది కాగితం మీద తెలంగాణ సభ్యుడు!

ఇక ప్యాకేజీ సంగతి. ఇది పూర్తిగా నోటిమాట కూడా కాదు. పునర్వ్యవస్థీకరణ చట్టం 46వ సెక్షన్‌లో వెనకబడిన ప్రాంతాలకు ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజీ అనే మాట ఉంది. 94వ సెక్షన్‌లో వెనకబడిన ప్రాంతాల అభివృద్ధికి కేంద్రం మద్దతు ఇవ్వాలని ఉంది. ఎంత, ఎన్నేళ్ళు, ఎప్పటిలోగా అనేది మాత్రం ఎక్కడా లేదు. అంకె లేని మాటను ఎవరికి కావలసినంత వాళ్ళు కుదించుకోవచ్చు. అదే జరిగింది. జిల్లాకు ఏడాదికి 50 కోట్లు, 7 జిల్లాలకు 350 కోట్లు. మూడేళ్ళు ఇచ్చారు. 2018 ఫిబ్రవరిలో నాలుగో విడత 350 కోట్లు రాష్ట్ర ఖాతాకు వచ్చి, వచ్చిన దారినే వెనక్కి పోయాయి.

50 కోట్లు అంటే పెద్ద మొత్తంగా వినిపిస్తుంది. పాత అనంతపురం జిల్లా జనాభా 2011లో 40 లక్షల 81 వేలు. భాగించి చూడండి, తలకు ఏడాదికి సుమారు 122 రూపాయలు. ప్రధాని పోలిక తెచ్చిన బుందేల్‌ఖండ్‌కు 2009లో 13 జిల్లాలకు మూడేళ్ళకు 7,266 కోట్లు ప్రకటించారు. అందులో కొంత వేరే పథకాల డబ్బును కలిపి చూపించిందే, ఒప్పుకుంటా. అయినా జిల్లాకు సగటున 550 కోట్లు దాటుతుంది. మనకు అదే మూడేళ్ళకు జిల్లాకు 150 కోట్లు. "ఆ తరహాలో" అన్న మాటకు అర్థం ఇదన్నమాట.

ఇప్పుడు ఇదే చట్టంలో ఇంకో మూలకు పోదాం. చివర్లో 13వ షెడ్యూలు ఉంది. అందులో విద్యాసంస్థలకు పేర్లు పెట్టి రాశారు. ఆంధ్రప్రదేశ్‌కు ఒక ఐఐటీ, ఒక ఎన్ఐటీ, ఒక ఐఐఎం, ఒక ఐసర్, ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం వగైరా. రెండు రాష్ట్రాలకూ చెరొక గిరిజన విశ్వవిద్యాలయం. ఇవి ఏమయ్యాయి? ఆలస్యంగానైనా వచ్చాయి. 2018లో అనంతపురం జేఎన్టీయూ ప్రాంగణంలో కేంద్రీయ విశ్వవిద్యాలయం తరగతులు మొదలయ్యాయి, హైదరాబాద్ విశ్వవిద్యాలయం పెద్దన్నలా చూసుకుంది. 2019 జులైలో పార్లమెంటు ఒకే సవరణ బిల్లుతో రెండింటినీ చట్టబద్ధం చేసింది. ఒకటి మన బుక్కరాయసముద్రం మండలం జంతలూరు కేంద్రీయ విశ్వవిద్యాలయం, రెండోది విజయనగరం వైపు కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం. గిరిజన వర్సిటీ అద్దె ఇంట్లో ఉన్నట్టు కొండకరకంలోని ఆంధ్రా యూనివర్సిటీ పాత పీజీ క్యాంపస్‌లో నడిచింది, సొంత క్యాంపస్‌కు 2023 ఆగస్టు 25న మెంటాడ, దత్తిరాజేరు మండలాల వైపు శంకుస్థాపన జరిగింది.

తెలంగాణ వాళ్ళకు ఇంకా ఆలస్యం. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం బిల్లు రాజ్యసభలో పాసైంది 2023 డిసెంబరు 13న. ఆ తేదీ గుర్తుందా? లోక్‌సభలో ఇద్దరు గ్యాలరీ నుంచి దూకి పొగ డబ్బాలు విసిరిన రోజు. దేశమంతా ఆ పొగనే చూసింది. రాజ్యసభలో ప్రతిపక్షం హోంమంత్రి వచ్చి ప్రకటన చెయ్యాలని పట్టుబట్టి బయటికి పోయింది. మిగిలినవాళ్ళు మూజువాణి ఓటుతో బిల్లు పాస్ చేశారు. 889.07 కోట్ల విశ్వవిద్యాలయం, తొమ్మిదేళ్ళ ఎదురుచూపు, ఒక్క రోజు పత్రికలో మొదటి పేజీకి కూడా నోచుకోలేదు. అయినా వచ్చింది. ఎందుకంటే 2014లో అది పేరుతో సహా రాసి ఉంది. అడిగేవాళ్ళకు చూపించడానికి ఒక వాక్యం ఉంది.

కాబట్టి "అన్ని పార్టీలూ మోసం చేశాయి" అని ఊరుకునేవాళ్ళతో నాకు పేచీ ఉంది. పార్టీలను వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు, మోసం జరిగిన చోట జరిగింది. కానీ అదే సభ, అదే రోజు, అదే బిల్లు. పేరు పెట్టి రాసింది నిలబడింది. అంకె లేకుండా రాసింది చిక్కిపోయింది. నోటితో చెప్పింది పోయింది. రాజ్యసభ ఎన్నటికీ రద్దు కాని సభ అని 83వ అధికరణం చెబుతుంది. సభ రద్దు కాదు సరే, అందులో మాట ఇచ్చిన ప్రభుత్వం మూడు నెలల్లో దిగిపోయింది.

"వర్సిటీ వచ్చింది కదా, ఇంకేం" అనేవాళ్ళతో కూడా పేచీ ఉంది. జంతలూరు మన గడప ముందే ఉంది నిజమే. అందులో మనకు సీటు ఎట్లా వస్తుంది? ఎస్వీ యూనివర్సిటీ పరిధిలో అయితే స్థానిక అభ్యర్థులకు వాటా ఉంటుంది, ఎస్టీ కోటా అందులో కలిసి వస్తుంది. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో స్థానికత లేదు. ఎస్టీలకు 7.5 శాతం ఉంది, అది దేశంలోని ఎస్టీలందరికీ కలిపి. కదిరి తండా పిల్ల రాజస్థాన్‌లో, జార్ఖండ్‌లో, ఈశాన్యంలో కోచింగ్ తీసుకున్న పిల్లలతో సీయూఈటీ రాసి గెలవాలి. పరీక్ష తెలుగులో రాసే వీలుంది, మంచిదే. కానీ ఆ ఫారాలు నింపే నెలల్లో మన ఇళ్ళు తాళాలు వేసి ఉంటాయి. అమ్మానాన్న సుగ్గికి పోయి ఉంటారు, అవ్వ దగ్గర ఉన్న పిల్లకు ఓటీపీ వచ్చే ఫోను బెంగళూరులో ఉంటుంది. ఈ మాట నేను అతిగా చెప్తున్నానని సీమ తండాల్లో పెరిగినవాళ్ళెవరూ అనరు.

గిరిజన వర్సిటీ మాటేంటంటే, అది మనది కూడా. చట్టంలో ఏజెన్సీ గిరిజనులకు మాత్రమే అని రాయలేదు, ఆంధ్రప్రదేశ్‌కు అని రాశారు. మైదాన ప్రాంత సుగాలీలం, ఎరుకలం, యానాదులం, నల్లమల చెంచులం అందరం అందులో వస్తాం. కానీ అది ఉన్నది రాష్ట్రం ఆ చివర, మనం ఉన్నది ఈ చివర. రైలెక్కితే ఒక రాత్రి చాలదు. ఆడపిల్లను అంత దూరం పంపడానికి ఎంతమంది నాయకులు, కారోబారులు ఒప్పుకుంటారో మీ తండాలో అడిగి చూడండి. ఉత్తరాంధ్ర అన్నదమ్ముల మీద నాకు కుళ్ళు లేదు. అక్కడ గిరిజనులు ఎక్కువ, వర్సిటీ అక్కడ ఉండడమే న్యాయం. మరి ఇక్కడివాళ్ళ సంగతి?

కొందరు పెద్దలు జంతలూరులో స్థానిక కోటా కోసం ఉద్యమం చేద్దామంటున్నారు. నా అభిప్రాయంలో అది తలను గోడకేసి కొట్టుకోవడమే. కేంద్రీయ విశ్వవిద్యాలయాల తీరే దేశమంతటికీ తెరిచి ఉంచడం. ఆ తలుపు ఒకచోట మూయిస్తే రేపు హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో మనకూ మూస్తారు. అంతకన్నా దగ్గరలో దొరికే దారి ఒకటుంది. మధ్యప్రదేశ్ అమరకంటక్‌లో ఇందిరాగాంధీ జాతీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది కదా, దానికి మణిపూర్‌లో ప్రాంతీయ క్యాంపస్ ఉంది. ఎక్కడ మధ్యప్రదేశ్, ఎక్కడ మణిపూర్! అట్లాంటప్పుడు విజయనగరం గిరిజన వర్సిటీకి రాయలసీమలో ఒక ప్రాంతీయ క్యాంపస్ ఎందుకు ఉండకూడదు? గోర్ బోలి మీద, ఎరుకల భాష మీద, కరువు సేద్యం మీద, వలసల మీద పరిశోధన చెయ్యాలంటే ఇంతకంటే మంచి చోటు యాడ దొరుకుతుంది?

ఇది ఎట్లా అడగాలి అంటే, ధర్నా ఒక్కటే దారి కాదు. రాజ్యసభలో సమావేశాలు జరిగే రోజు మధ్యాహ్నం 12 గంటలకు ప్రశ్నోత్తరాల సమయం. రోజుకు నోటి జవాబుకు 15 ప్రశ్నలు, రాతపూర్వక జవాబుకు 160 ప్రశ్నలు. నోటి జవాబు ప్రశ్నల్లో సగం గోలలోనే పోతాయి. ఆ 160 మాత్రం గోల ఉన్నా లేకపోయినా జవాబు సభ ముందుకు వస్తుంది, రికార్డులో శాశ్వతంగా ఉంటుంది. అందుకే నా దృష్టిలో మనకు పనికొచ్చేది ఆ రెండో రకమే. మంత్రి "పరిశీలిస్తాం" అని హామీ ఇస్తే దాన్ని పట్టుకుని వెంటపడటానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి ఉంది. హామీని మూడు నెలల్లో నెరవేర్చాలని నియమం. నెరవేర్చకపోతే గడువు పెంచమని ఆ శాఖే కమిటీని అడగాలి. పిటిషన్ల కమిటీ వేరే ఉంది, మనలాంటి మామూలు పౌరులు కూడా రాజ్యసభకు అర్జీ పెట్టుకోవచ్చు. ప్రశ్న వెయ్యాలంటే సభ్యుడు 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మన రాష్ట్రం నుంచి 11 మంది సభ్యులున్నారు. మనకు రిజర్వు సీటు లేదు కాబట్టి ఆ 11 మందీ మనవాళ్ళే అనుకుని అడుగుదాం. ఏ పార్టీ అని చూడొద్దు.

కిందది నేను రాసిన ప్రశ్న ముసాయిదా. మాటలు సరిచెయ్యండి. న్యాయశాస్త్రం చదువుతున్న అక్కలు ముఖ్యంగా చూడండి. వచ్చే ఆదివారానికి ఖాయం చేసి, గ్రూపు పేరుతో 11 మందికీ ఒకే రోజు పంపుదాం.

విద్యా శాఖ మంత్రి తెలుపగలరా: (అ) ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో ఇప్పటివరకు చేరిన ఎస్టీ విద్యార్థుల్లో పూర్వపు అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు జిల్లాలవారు ఏడాదివారీగా ఎందరు, (ఆ) జంతలూరులోని ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎస్టీ సీట్లలో ఏడాదివారీగా భర్తీ అయినవి ఎన్ని, ఖాళీగా మిగిలినవి ఎన్ని, (ఇ) ఇందిరాగాంధీ జాతీయ గిరిజన విశ్వవిద్యాలయానికి మణిపూర్‌లో ఉన్నట్టుగా, ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి రాయలసీమలో ప్రాంతీయ క్యాంపస్ ఏర్పాటు చేసే ప్రతిపాదన ఉందా, (ఈ) ఉంటే ఏ ఊర్లో, ఎంత నిధితో, ఏ తేదీలోగా, (ఉ) లేకపోతే అందుకు కారణాలేమిటి?